నసీబ్ మార్కు టైర్లు

మా అల్లుడి తమ్ముడు సుధాకర్ ఈమధ్యే మానుకోటలో కార్ల టైర్ల దుకాణం పెట్టాడు. బోర్డు మీద మహబూబాబాద్ అని రాయించాడు గానీ నా నోటికి మానుకోటే వస్తుంది. బతుకంతా టైర్ల మధ్య గడిపిన మనిషినని, ఒకసారి వచ్చి చూసి నాలుగు మంచి మాటలు చెప్పి పొమ్మన్నాడు. జనగామలో రైలెక్కి వెళ్లాను.

దుకాణం ముచ్చటగా ఉంది. గాలి మిషను, జాకీలు, గోడకు దేవుళ్ల పటాలు, అన్నీ కుదిరాయి. ఒక మూల మాత్రం టైర్లు గుట్టగా పడి ఉన్నాయి. ఊరూ పేరూ తెలియని కంపెనీ ఏదో చవకగా ఇస్తే తెచ్చాడట. దగ్గరికి వెళ్లి పేర్లు చదివాను. ఒకదాని మీద 'హ్యాపీ ఎండ్' అని ఉంది. ఇంకోదాని మీద 'స్లిప్ కింగ్'. ఆ పేర్లు పెట్టిన మహానుభావుడు జన్మలో కారెక్కి ఉండడు. నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వకు మామా," అన్నాడు సుధాకర్ ఏడుపు మొహంతో. "మాల్ మంచిదే. పొద్దుగాల నెల్లికుదురు నుంచి ఒక సారు వచ్చిండు. ధర ఇని ఖుషీ అయిండు. పేరు సదివి, ఇంట్ల అడిగొస్త అని పోయిండు. ఇగ రాడు. అందుకే నేనొకటి అనుకుంటున్న. గ్రైండర్ పెట్టి పేర్లన్నీ లేపేస్త."

ఆ మాటతో నా నవ్వు పోయింది.

"ఏమన్న జెయ్యి గని సుధాకరూ, పేరు మాత్రం గీకకు," అన్నాను. ఎందుకో పూర్తిగా చెప్పేలోపే తిరుగు రైలు వేళైంది. అందుకే ఇది రాస్తున్నాను. టైర్ల పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఎవరైనా చదవచ్చు. నా జీతం ఎప్పుడు పెరిగింది, నన్ను ఏ బస్సు డిపో నుంచి ఏ డిపోకు మార్చారు లాంటివి ఇందులో ఉండవు. అవి నాకే గుర్తు లేవు.

ముందు పని సంగతి

టైర్ల పని అంటే గాలి కొట్టడం అనుకుంటారు చాలామంది. గాలి ఎవరైనా కొడతారు. అసలు పని టైరు లోపలికి తల దూర్చి చూడటం. బయట ఎంత నిగనిగలాడినా, లోపల పొరలు చిరిగాయా, తడిశాయా అన్నది చూడాలి. మా కాలంలో ఆ పొరలు నూలువి. తడి తగిలిందంటే పాత పంచెలాగా కుళ్లిపోయేవి. ఇక నడుము నొప్పి, గోళ్లలో నలుపు, ఒంటికి పట్టిన రబ్బరు వాసన అంటారా, అవి జీతంతో పాటు వచ్చేవే. పెళ్లయిన కొత్తలో నేను సందు మలుపు తిరగకముందే మా రాజమ్మ కుంకుడు రసం గిన్నె వాకిట్లో పెట్టేది. దాంతో రుద్దుకోనిదే గడప దాటనిచ్చేది కాదు.

నేను ఈ పని నేర్చింది జనగామ స్టేషను దగ్గర యాకూబ్ సాబ్ కార్ఖానాలో. అప్పటికింకా నిజాం రాజ్యమే. పెద్ద యుద్ధం ముగిసింది గానీ కొత్త టైర్లు దొరికేవి కావు. టైరుకు పర్మిట్టు కావాలి, పర్మిట్టుకు పలుకుబడి కావాలి. అది లేనివాళ్లంతా అరిగిన టైరుకే మళ్లీ రబ్బరు ఎక్కించుకునేవాళ్లు. సికింద్రాబాద్‌లో మిలటరీ వాళ్లు పాత సామాను వేలం వేస్తే సాబ్ ఒక ఇనుప అచ్చు, చిన్న బాయిలరు కొని తెచ్చుకున్నాడు. అరిగిన టైరును గరుకుగా రాకి, దాని చుట్టూ పచ్చి రబ్బరు చుట్టి, అచ్చులో బిగించి ఆవిరి పెట్టేవాళ్లం. బయటికి తీస్తే కొత్త పెళ్లికొడుకులా ఉండేది.

అచ్చులో ఒక పక్కన పేరు వేసుకునేందుకు చోటు ఉండేది. అక్కడ ఇత్తడి రేకు బిగిస్తే, ఆ అక్షరాలు టైరు పక్క మీద ఉబ్బెత్తుగా పడేవి. రేకులు పెంబర్తిలో చెక్కించాడు సాబ్. దేవుళ్లకు తొడుగులు, రథాలకు రేకులు చేసే చేతులవి. ఎంత అందంగా చెక్కారంటే రేకును చూస్తూ కూర్చోవాలనిపించేది. చెక్కిన పేర్లు చదివితే మాత్రం తల పట్టుకోవాలనిపించేది.

సబర్, నసీబ్, దువా

పొరలు గట్టిగా ఉన్న టైరుకు రబ్బరు ఎక్కిస్తే దాని పేరు సబర్. అంటే ఓపిక. పొరలు అంతంతమాత్రంగా ఉంటే నసీబ్. అంటే అదృష్టం. ఇక పొరలు చూస్తే మనకే జాలి వేసే టైరుకు దువా. అంటే ప్రార్థన. ఇలాంటి పేర్లు పెట్టి టైర్లు అమ్మిన మనిషి భూప్రపంచం మీద ఇంకొకరు ఉన్నారో లేరో నాకు తెలియదు.

అప్పట్లో హన్మకొండలో ఇంకో కార్ఖానా ఉండేది. వాళ్లూ మాలాగే పాత టైర్లకే రబ్బరు పూసేవాళ్లు. వాళ్ల టైరు పేరు తూఫాన్. గిరాకీ అంతా అటే పోయేది. ఒకరోజు ఉండబట్టలేక సాబ్‌ను అడిగాను.

"సాబ్, మనం గూడ షేర్ అనో, బిజిలీ అనో పెట్టుకుంటే ఏమైతది?"

సాబ్ చేతిలో చాయ్ సాసర్ కింద పెట్టాడు. "అరె ఎల్లయ్యా, తూఫాన్ మీద కూసున్నోడు ఎట్ల తోల్తడు?"

"జోరుగ తోల్తడు."

"నసీబ్ మీద కూసున్నోడు?"

"జర భయపడుకుంట తోల్తడు."

"గంతే. మనది పాత టైరు బేటా. భయపడేటోని కాడ్నే అది బతుకుతది. వాడు గూడ బతుకుతడు."

టైరు కొన్న ప్రతి మనిషికీ సాబ్ ఒకే మాట చెప్పి పంపేవాడు. దారిలో మధ్య మధ్య బండి ఆపి టైరు మీద అరచెయ్యి పెట్టి చూడమనేవాడు. చెయ్యి ఆగితే పోవచ్చు. ఆగకపోతే చెట్టు నీడ చూసుకుని టైరు చల్లారేదాకా కూర్చోవాలి. పేరే నసీబ్ కావడంతో జనం ఆ మాట వినేవాళ్లు. తూఫాన్ కొన్నవాడికి ఈ మాట చెబితే నవ్వి పోయేవాడు, వారం తిరక్కుండా టైరు భుజాన వేసుకుని మా దగ్గరికే వచ్చేవాడు.

భూపాలపల్లి అడవి నుంచి కలప లారీ తోలే డ్రైవరు ఒకడు ఉండేవాడు. బండికి వెనకాల దువాలు, ముందు సబర్‌లు. "నా బండి ముందట ఓపిక, ఎనుక దేవుడు" అని గొప్పగా చెప్పుకునేవాడు. వాడి భార్య ఒకసారి కార్ఖానాకు వచ్చి సాబ్‌తో కొట్లాట పెట్టుకుంది. "ఏం పేర్లు సాబ్ గవి? మా ఆయన ఇల్లు కదుల్తుంటే నాకు ఏడుపొస్తది" అంది. సాబ్ ఆమెకు చాయ్ ఇప్పించి, "నీ మొగడు ఎన్నడన్న బోర్ల పడ్డడా అమ్మా?" అని అడిగాడు. లేదంది. "మెల్లగ తోల్తడా?" "ఎద్దుల బండి గూడ దాటి పోతది" అంది విసుగ్గా. ఆ తర్వాత తన మాట తనకే వినిపించి నవ్వేసింది.

మానుకోట వైపు నుంచి ఒక పాదిరి అయ్యగారు పాత కారులో వచ్చేవారు. ఆయన మాత్రం అడిగి మరీ నాలుగు చక్రాలకూ దువాలే వేయించుకునేవారు. "మా పనే ప్రార్థన గదా ఎల్లయ్యా, టైరుకు ఒకటి, మనిషికి ఒకటి ఎందుకు" అనేవారు. టైర్లు అమ్మడంలో నాకు సంతోషం కలిగించిన గిరాకీ ఆయన ఒక్కరే.

దొరకు వచ్చిన కష్టం

లింగాల ఘనపూర్ దగ్గరి ఊళ్లో మా రాజమ్మ అన్న సైలు ఉండేవాడు. నాకు బావమరిది. ఆ ఊరి దొరకు డ్రైవరు. ఆ రోజుల్లో పల్లెల్లో దొరల మీద సంఘం లేచింది. ఊరూరా వెట్టి బందయింది. కోటలాంటి గడీలో ఉండటానికి కూడా భయపడి చాలామంది దొరలు పట్నాలకు చేరారు. సైలు పనిచేసే దొర కూడా జనగామలో పెద్ద ఇల్లు తీసుకుని మోటరుతో సహా దిగాడు.

ఆ మోటరుకు ఉన్నవి మా నసీబ్‌లు. పర్మిట్టు దొరక్క, దొర స్వయంగా కొనిపించినవే. ఊళ్లో ఉన్నంతకాలం బాధ లేదు. చదివేవాడు లేడు, చదివినా అనేవాడు లేడు. జనగామలో అట్లా కాదు. సాయంత్రం కాగానే చుట్టుపక్కల ఊళ్ల దొరలంతా ఆ ఇంటి వరండాలో పత్తాలాటకు, అంటే పేకాటకు చేరేవాళ్లు. మోటర్ల గొప్పలు వచ్చేవి. దొర ఒకరోజు మాటల్లో, నా టైర్లు విలాయతివి, బొంబాయి నుంచి తెప్పించిన అన్నాడు. అనేశాక టైర్ల మీది పేరు గుర్తొచ్చింది. మర్నాడు సైలు మా కార్ఖానాకు వచ్చాడు.

"బావా, దొర పేరు తీసెయ్యమంటుండు."

"నల్లరంగు పుయ్యి, కనపడది," అన్నాను.

"పూసిన. ఏలుతోని రాసి చూసిండు. ఉబ్బెత్తు తగులుతుందట. ఆకురాయి పట్టి గీకుమన్నడు."

సాబ్ చేస్తున్న పని ఆపాడు. "గీకుతే పొర తేల్తది సైలూ. వానకు నూలు తడుస్తది. టైరు పోతది. వద్దని చెప్పు."

"దొరకు వద్దని చెప్పుడు గూడ ఉంటదా సాబ్?" అన్నాడు సైలు.

గీకాడు. దొర కుర్చీ వేయించుకుని ఎదురుగా కూర్చుని ఒక్కో అక్షరం గీకించాడు. నాలుగు టైర్లూ నున్నగా అయ్యాయి. మోటరు వెనకాల గుడ్డ తొడుగులో ఉన్న స్టెప్నీ సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

వరి నాట్ల కాలం

వానలు పడ్డాయి. ఒక పూట దొర గడీలో మిగిలిన పెట్టెలు తెచ్చుకుందామని గుమాస్తాను వెంటబెట్టుకుని ఊరికి పోయాడు. తిరిగి వస్తుంటే లింగాల ఘనపూర్ దాటకముందే ముందు టైరు ఢామ్మని పేలింది. సైలు ఎట్లాగో బండిని అదుపు చేశాడు గానీ, అది జారి రోడ్డు పక్క బురదలో దిగబడింది. ఎవరికీ గీత కూడా పడలేదు. దొర మాత్రం తుపాకీ పేలిందనుకుని సీటు కింద బోర్లా పడుకున్నాడట. ఆ పడుకోవడంలో రుమాలు ఎగిరి పొలంలో పడింది. మా వైపు తలపాగాను రుమాలు అంటాం.

పొలంలో ఆడవాళ్లు నాట్లు వేస్తున్నారు. అందరూ నడుములు ఎత్తి చూశారు. దొర లేచి, ఒళ్లు దులుపుకుని కేక వేశాడు.

"ఏం చూస్తున్నరే! వచ్చి గుంజున్రి!"

ఎవరూ కదల్లేదు. అందులో ఒకామె నింపాదిగా, "వెట్టి బందయింది దొరా. కూలి ఇస్తే గుంజుతం," అంది.

దొర గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా ఆకాశం వైపు చూశాడు. చివరికి కూలి ఒప్పుకున్నారు, ఇచ్చారు. ఆడవాళ్లు పాట ఎత్తుకుని, ఒక్క ఊపుతో మోటరును రోడ్డు మీదికి లాగేశారు. పోయేముందు ఆ మాట అన్నామె రుమాలును పొలం నీళ్లలో జాడించి, పిండి, దొర చేతికిచ్చింది. "గిది కూలిల కలువది దొరా. ఊకెనే," అందట.

సైలు ఈ సంగతి తర్వాత ఎప్పుడు చెప్పినా మేం పడిపడి నవ్వేవాళ్లం. ఆ రోజు మాత్రం వాడికి నవ్వు రాలేదు. స్టెప్నీ ఎక్కించి, బురద రోడ్డు మీద జనగామ చేరారు. ఇల్లు చేరగానే పేలిన టైరు పట్టుకుని చూసి, "సంఘపోళ్లతోని కలిసి నువ్వే కోసినవురా," అన్నాడు. సైలును మోటరు షెడ్డులోకి తోయించి బయట తాళం వేయించాడు. రేపు పొద్దున పోలీసు క్యాంపుకు అప్పగిస్తానన్నాడు. ఆ రోజుల్లో సంఘం మనిషి అన్న అనుమానంతో క్యాంపుకు పోయినవాడు తిరిగి వస్తాడో రాడో చెప్పలేం. చాలామంది రాలేదు.

రాజమ్మ కార్ఖానాకు పరుగెత్తుకొచ్చింది. "మా అన్నను సంపుతరు. ఏదన్న జెయ్యి," అని నా చెయ్యి పట్టుకుంది. ఏం చేయాలో తెలియక నిలబడ్డాను. అంతలోనే దొర మనిషి వచ్చాడు. యాకూబ్ సాబ్ వచ్చి టైరు చూసి, కత్తితో కోసిందేనని క్యాంపులో సాక్ష్యం చెప్పాలట. దొర పిలుస్తున్నాడట.

సాబ్ టోపీ సరిచేసుకుని, "ఎల్లయ్యా, నువ్వు గూడ రా. నోరు మాత్రం కార్ఖానల పెట్టి రా," అన్నాడు.

ఒక చెంబు నీళ్లు

మేం పోయేసరికి ఇంకా పొద్దుంది. వరండాలో ఇద్దరు ముగ్గురు దొరలు పత్తాలాడుతున్నారు. మెట్ల కింద మోటరు బురదతో నిలబడి ఉంది. దాని పక్కనే పేలిన టైరు. షెడ్డు తలుపుకు తాళం. లోపల నుంచి చప్పుడు లేదు.

టైరు చేతికి తీసుకోగానే నాకు అర్థమైంది. సరిగ్గా పేరు గీకిన చోటే పేలింది. నూలు పోగులు నల్లబడి, చివికి, పాత చీపురులా విచ్చుకుని ఉన్నాయి. కత్తి తగిలిన జాడే లేదు. 'దొరా, ఇది మీరు గీకించిన చోటే' అని నాలుక చివరిదాకా వచ్చింది. సాబ్ నా కాలు గట్టిగా తొక్కాడు. నా బొటనవేలు చాలా రోజులు నల్లగా ఉంది.

"చూసినవు గదా యాకూబ్," అన్నాడు దొర. "కత్తితోని కోసిండ్రు. రేపు క్యాంపుల పోలీసు అమీన్‌కు గదే చెప్పు. మిగిలింది నేను చూసుకుంట."

"చెప్త దొరవారూ, ఎందుకు చెప్పను," అన్నాడు సాబ్ ఎంతో మర్యాదగా. "అయితే అమీన్ సాబ్ ఖాళీ మాట ఇనడు. టైరు ఏ మార్కు, ఎక్కడ తయారైంది, దీని జోడి ఏది, అన్నీ పూస గుచ్చినట్టు అడుగుతడు. అందుకే నా అచ్చు, పేరు రేకు బండిల ఏసుకొని వస్త. అందరి ముందర సదివి ఇనిపిస్త."

పత్తాలాడుతున్న ఒక దొర తల తిప్పాడు. "నీ అచ్చు ఎందుకు యాకూబ్? విలాయతి టైర్లు గదా?"

"మార్కు నేను చెప్పుడెందుకు దొరవారూ, మీరే చూడున్రి. దీని జోడి మోటరుకే ఉన్నది. స్టెప్నీ ఇయ్యాలనే ఎక్కిచ్చిండ్రు. బురద పట్టింది, అంతే." సాబ్ చుట్టూ చూశాడు. "ఎవరన్న జర చెంబెడు నీళ్లు తెస్తే కడుగుదం."

చెంబు మాట వినగానే దొర పనివాడు ఎగురుకుంటూ లోపలికి పోయి నీళ్లు తెచ్చాడు. వాడికి ఏమీ తెలియదు. తెచ్చి నేరుగా మోటరు దగ్గరికి నడిచాడు. పత్తాలు పట్టుకున్న వాళ్లంతా చూడటానికి మెడలు సాచారు. దొర ఆ చక్రం వైపు చూశాడు. ఆ బురద వెనక పెంబర్తి వాళ్లు చెక్కిన అందమైన అక్షరాలు ఉన్నాయి. ఆయన మొహంలో రంగు మారడం నేను చూశాను.

"ఎవడురా నీళ్లు తెమ్మన్నది!" అని గద్దించాడు. పనివాడు చెంబుతో సహా అక్కడే ఆగిపోయాడు. దొర మెట్లు దిగి వచ్చి, పేలిన టైరును కాలితో తిప్పి, ఇంకోసారి చూశాడు.

"యాకూబ్, నాకు చూడంగ చూడంగ గిది ముల్లు లెక్క కొడుతుంది."

సాబ్ వంగి కళ్లజోడు సర్దుకున్నాడు. తొందర ఏమాత్రం చూపించలేదు. "ముల్లే దొరవారూ! తుమ్మ ముల్లు. నా కండ్లకు గూడ ఏమైందో."

"ముల్లు గుచ్చుకుంటే డ్రైవర్ ఏం జేస్తడు," అన్నాడు పత్తాల దొర. ఆట మధ్యలో ఆగినందుకు విసుగ్గా ఉన్నాడు.

"ఆ తాళం తియ్యున్రా," అన్నాడు దొర. ఇంకెవరి వైపూ చూడకుండా లోపలికి పోయాడు.

సైలును మధ్యన పెట్టుకుని బయటికి వచ్చాం. సందు మలుపు తిరగ్గానే సాబ్ ఒక అరుగు మీద కూలబడ్డాడు. అంతసేపు ఆ మర్యాద, ఆ నింపాదితనం ఎక్కడ నుంచి తెచ్చాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. "ఎల్లయ్యా," అన్నాడు, "వాడు నిజంగ నీళ్లు పోసుంటే మన ముగ్గురి పని అయిపోయేది." దొరకు పరువు మిగిలి ఉన్నంతసేపే సైలుకు బతుకు. ఆ పరువు కాస్తా అందరి ముందు పోయి ఉంటే ఆ కోపం ఎవరి మీద పడేదో అందరికీ తెలుసు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ఇక్కడ ఒక మాట చెప్పాలి. తప్పు గిరాకీదే అని తెలిసినప్పుడు అది వాడి మొహం మీద చెప్పాలని నాలుక దురద పెడుతుంది. నిజం చెప్పడం మంచిదే. కానీ లోపల ఎవరి మీద తాళం పడి ఉందో ముందు చూసుకోండి. ఆ రోజు నేను నోరు తెరిచి ఉంటే టైరు గురించి గెలిచేవాణ్ణి, సైలును పోగొట్టుకునేవాణ్ణి.

రాజమ్మ అడిగిన మాట

ఇంట్లో రాజమ్మ అన్నను చూసి ఏడ్చి, తిట్టి, వేడి వేడి అన్నం పెట్టింది. సాబ్‌ను కూడా పోనివ్వలేదు. సైలు కొంచెం తేరుకున్నాక షెడ్డులో సంగతి చెప్పాడు.

"మోటరు బయటనే ఉన్నది బావా. దానిది ఇప్పిన చక్రం ఒకటి లోపట పడేసిండ్రు. దానికి ఆనుకొని కూసున్న. టైరు మీద చెయ్యి పెడితే ఇంకా ఏడిగ ఉన్నది. మనసుల ఒకటి అనుకున్న. ఇది సల్లారేదాక నన్ను తీసుకపోకుంటే బతికినట్టే అని. చెయ్యి తియ్యలే. మీరు వచ్చిన అలికిడి అయ్యేటాలకు సల్లగయింది."

పేలిన టైరు బయట ఉంటే లోపల చక్రం ఎక్కడిదని నేను అడిగాను. దారిలో ఇంకో చక్రానికి కూడా గాలి దిగుతుంటే, ఇల్లు చేరాక దొర మనుషులు దాన్ని విప్పి, షెడ్డులో ఉన్న పాతది తెచ్చి బిగించారట. అది కూడా గీకిందే. ఇంకో కోసెడు దూరం పోయి ఉంటే అదీ పేలేది.

రాజమ్మ మజ్జిగ పోస్తూ ఆగింది. "నాకు తెల్వక అడుగుత. పేరు టైరుకు ఒక్కదిక్కే ఉంటది గదా?"

"అవును," అన్నాను.

"మరి తిప్పి, పేరు లోపటికి పోయేటట్టు ఎక్కిస్తే అయిపోవు గద? గీకుడెందుకు?"

నేను సాబ్ వైపు చూశాను. సాబ్ సైలు వైపు చూశాడు. ముగ్గురం టైర్ల మధ్యే బతుకుతున్నవాళ్లం. దొర పరువు, క్యాంపు, తాళం, అమీన్, ఇంత రామాయణం నడిచింది. టైరును తిప్పి బిగించవచ్చని ఒక్కరికీ తట్టలేదు. ముందు సాబ్ నవ్వాడు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. సైలు మజ్జిగ పొలమారి మరీ నవ్వాడు. పొద్దుటి నుంచి బిగపట్టుకున్న ఏడుపంతా ఆ ఇంట్లో నవ్వై బయటికి వచ్చింది.

మర్నాడు దొర గుమాస్తా టైర్ల కోసం వచ్చాడు. నసీబే ఇచ్చి, పేరు లోపలికి పెట్టి నేనే బిగించాను. దొర చాలా ఖుషీ అయ్యాడట. సైలును మాత్రం పనిలోంచి తీసేశాడు. వాడు భూపాలపల్లి అడవికి పోయి కలప లారీ ఎక్కాడు.

ఆ తర్వాత రాజ్యం మారింది. పోలీసు చర్య అయిన రోజుల్లో సాబ్ లాంటి ముసల్మానులకు బయట తిరగడం కష్టమైంది. రాజమ్మ పట్టుబట్టి ఆయన్నూ ఆయన ఇంటివాళ్లనూ మా ఇంట్లో పెట్టింది. సైలు లారీ వదిలేసి వచ్చి, గొడవ సద్దుమణిగేదాకా మా గడపలోనే కూర్చున్నాడు. ఎవరన్నా వచ్చి అడిగితే, "లోపట మా పెద్దనాయిన ఉన్నడు, పాణం బాగలేదు" అనేవాడు. సాబ్ మళ్లీ కార్ఖానా తెరిచి, చాలాకాలం నడిపి, నా చేతుల్లోనే కన్నుమూశాడు. నసీబ్ రేకు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. రాజమ్మ దాన్ని పండుగలప్పుడు చింతపండుతో తోముతుంది. నేను బస్సుల డిపోలో టైర్ల పనికి చేరాను, సైలు అదే డిపోలో డ్రైవరు అయ్యాడు.

చెయ్యి పెట్టి చూడటం

సుధాకరూ, నీ టైర్ల సంగతి. పేరు లోపలికి పెట్టి బిగించు. సార్లకు, వాళ్ల ఇళ్లలో వాళ్లకు మనశ్శాంతిగా ఉంటుంది. కానీ బిగించేముందు ఆ పేరు వాళ్లకు ఒకసారి చూపించి, ఇది చవక టైరు, మెల్లగా తోలు, దారిలో దిగి చెయ్యి పెట్టి చూసుకో అని చెప్పు. నవ్వితే నవ్వనీ. హ్యాపీ ఎండ్ అన్న పేరు చూసి భయపడినవాడు క్షేమంగా ఇల్లు చేరతాడు. గొప్ప పేరున్న టైరు నమ్ముకుని, గాలి కూడా చూసుకోకుండా పోయినవాళ్ల బండ్లు డిపోకు ఎట్లా వచ్చేవో నేను చూశాను.

మానుకోట నుంచి వచ్చాక సైలుతో కలిసి భూపాలపల్లి పోయాను. వాడి కూతురు అక్కడే ఉంటుంది. ఇద్దరం ముసలివాళ్లం, బస్సులో కిటికీ పక్క సీటు కోసం పోట్లాడుకుంటూ పోయాం. దారిలో బస్సు ఆగగానే ఎప్పటిలాగే వాడు కర్ర పట్టుకుని దిగాడు. వాడు ఏ బస్సెక్కినా అంతే, ఆగిన ప్రతిచోటా దిగుతాడు. వంగలేక వంగి, ముందు టైరు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"ఎక్కు తాతా, టైమైతుంది," అని కండక్టరు అరిచాడు.

"ఆగు బిడ్డా," అన్నాడు సైలు. చెయ్యి తీయలేదు. బస్సులో వాళ్లంతా నవ్వుతున్నారు. నేను నవ్వలేదు. కిటికీలోంచి తల బయట పెట్టి, "ఎట్లున్నది బావా?" అని అడిగాను.

"సల్లగనే ఉన్నది," అన్నాడు వాడు నా వైపు చూసి. "బతికినట్టే."